సన్నగా, నిటారుగా పెరిగే పచ్చని మొక్కలు: గోదావరి డెల్టా ఇళ్లవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటికీ ప్రహరీ గోడకీ మధ్య నాలుగడుగుల సందు. పక్కింటి వంటగది కిటికీ సరిగ్గా మన వరండాకి ఎదురుగా. అక్కడ ఏదైనా పచ్చగా, ఎత్తుగా ఉండాలి, కానీ పక్కలకి విచ్చుకోకూడదు. రాజోలు నుంచి భీమవరం దాకా నన్ను మొక్కల గురించి అడిగేవాళ్లలో సగం మంది అడిగేది ఇదే. ఆ ప్రశ్నలూ, నాకు తెలిసిన జవాబులూ ఇక్కడ రాస్తున్నాను.

సన్నగా పెరిగే మొక్కలంటే ఏవి? వాటికి ప్రత్యేక జాతి ఉందా?

లేదు. కొన్ని పుట్టుకతోనే స్తంభంలా పెరుగుతాయి. సైప్రస్‌లో ఒక రకం, మన వీధుల్లో కనిపించే అశోక ఇలాంటివి. మిగతావన్నీ కత్తెరతో స్తంభాలైనవే. నర్సరీలో ఆరడుగుల ఎత్తున కొవ్వొత్తిలా నిలబడిన యుజీనియాని రెండేళ్లు కత్తిరించకుండా వదిలేస్తే మామూలు చెట్టులా గుబురుగా తయారవుతుంది. కాబట్టి కొనేముందు ఒక్క మాట అడగండి: ‘ఇది దానంతటదే ఇలా పెరుగుతుందా, మీరు ఇలా చేశారా?’ రెండోదైనా తప్పేం లేదు. ఏడాదికి మూడు నాలుగు సార్లు కత్తెర పట్టుకునే ఓపిక మీకు ఉండాలి, అంతే.

వీడియోల్లో చూసే సైప్రస్, థుజా, జూనిపర్ మన దగ్గర పెట్టుకోవచ్చా?

అందరికీ మనసు పడేది వీటి మీదే. నాకూ పడింది. కొన్నేళ్ల కిందట ఆరు గోల్డ్ సైప్రస్ మొక్కలు తెచ్చాను. ఆకు నలిపితే నిమ్మకాయ వాసన వచ్చే పసుప్పచ్చ రకం. అమ్మినాయన ‘గుమ్మానికి అటూ ఇటూ పెట్టండి, పదేళ్లు చూసుకోనక్కర్లేదు’ అన్నాడు. సంక్రాంతి అయ్యాక నాటాను. వేసవంతా షేడ్ నెట్ కట్టి, పూటపూటా నీళ్లు పోసి, చంటిపిల్లల్లా సాకాను. ఎండకి తట్టుకున్నాయి. వినాయక చవితి దాటాక ఎనిమిది రోజులు ముసురు పట్టింది. పైనుంచి చూస్తే పసుపు రంగు అలాగే ఉంది, కొమ్మ పక్కకి జరిపితే మాత్రం లోపలంతా గోధుమరంగు. దసరాకి నాలుగు పోయాయి. ఒకదాన్ని పీకి చూశాను. వేరుని రెండు వేళ్లతో పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడి చేతిలోకి వచ్చింది, లోపల దారమంత పుల్ల మిగిలింది. కాలువ అడుగు బురద వాసన. మొక్క ఎండకి పోలేదు, నీళ్లలో మునిగి పోయింది.

ఇందులో అమ్మినాయన అబద్ధం కన్నా నా తెలివితక్కువతనమే ఎక్కువ. ఆ గోల్డ్ సైప్రస్ అసలు ఊరు కాలిఫోర్నియా సముద్రతీరం, ఎప్పుడూ చల్లగా ఉండే చోటు. ఫొటోల్లో కనిపించే ఇటాలియన్ సైప్రస్‌ది మధ్యధరా ప్రాంతం. అక్కడ వాన చలికాలంలో పడుతుంది, వేసవి పొడిగా పోతుంది. మనకి సరిగ్గా తిరగబడి, వేడీ తడీ ఒకేసారి వస్తాయి. వేరు కుళ్లబెట్టే శిలీంధ్రాలకి అంతకన్నా పండగ ఏముంటుంది? థుజా కొంచెం మొండిది. రాజమండ్రి వైపు ఎత్తు నేలల్లో కొన్నిచోట్ల బాగానే ఉంది. పల్లపు ఊళ్లలో నాలుగైదేళ్లకి కిందినుంచి బోసిపోతుంది. జూనిపర్‌ని కుండీకే పరిమితం చేయండి. జపాన్ నుంచి వచ్చిన స్కై పెన్సిల్ హాలీ గురించి కూడా అడుగుతున్నారు. అది చల్లటి దేశాల మొక్క, దాని జోలికి వెళ్లకండి.

మరి మనకి పనికొచ్చేవి ఏవి?

నా వరకు మొదటి స్థానం యుజీనియాదే. నర్సరీల్లో సిజీజియం అని కూడా అంటారు. మన నేరేడుకి దగ్గరి చుట్టం. చిగురు ఎర్రగా, కాస్త నారింజ రంగులో వచ్చి తర్వాత పచ్చబడుతుంది. కత్తిరించిన ప్రతిసారీ మళ్లీ ఎర్రచిగురు కాబట్టి కత్తెర పని దండగ అనిపించదు. తడికి తట్టుకుంటుంది, నేల జిగటైనా సర్దుకుంటుంది. రెండున్నర అడుగుల వెడల్పులో, పది పన్నెండు అడుగుల ఎత్తులో హాయిగా ఉంచుకోవచ్చు. దీనికి ఉప్పు మాత్రం పడదు.

రెండోది మురయా, మన నాగగోలుగు. ఆకు కరివేపాకుని గుర్తు చేస్తుంది, అదే కుటుంబం. తెల్లపూలు, సాయంత్రం పూట వాసన వీధి మలుపు దాకా వస్తుంది. స్తంభంలా కత్తిరిస్తే పూలు తగ్గుతాయి, ఆ బేరానికి ఒప్పుకోవాలి. ఒక హెచ్చరిక: నిమ్మ, బత్తాయి, నారింజ తోట ఉన్నవాళ్లు దీన్ని దగ్గర్లో పెట్టొద్దు. నిమ్మజాతికి గ్రీనింగ్ తెగులు మోసుకొచ్చే సిల్లా పురుగు దీనిమీదే కాపురం పెడుతుంది.

పోడోకార్పస్ అందగాడు, కానీ నత్తనడక. మెరక నేల, సగం నీడ, మూడేళ్ల ఓపిక ఉంటే తెచ్చుకోండి. పసుపు వెదురులో గుబురుగా పెరిగే రకం సన్నని సందుకి చక్కగా సరిపోతుంది గానీ ఆకులు రాలుస్తూనే ఉంటుంది, రోజూ చీపురు పట్టాలి.

అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం పక్క ఊళ్లవాళ్లకి నేను చెప్పేది సరుగుడు. నవ్వకండి. సరుగుడు అనగానే కలపతోటే గుర్తొస్తుంది కానీ, చిన్నప్పటి నుంచి తల తుంచుతూ పక్కలు కత్తిరిస్తే దట్టమైన పచ్చగోడ అవుతుంది. ఉప్పుగాలికీ ఇసుకకీ దాన్ని మించింది లేదు.

అశోక చెట్టు పొదలాగా పెట్టుకోవచ్చా? సీతమ్మ వనంలో చెట్టు ఇదేనా?

రెండో ప్రశ్నకి ముందు జవాబు: కాదు. రామాయణంలో అశోకం గుత్తులుగా నారింజ, ఎరుపు రంగు పూలు పూసే వేరే చెట్టు. మనం వీధుల్లో అశోక అని పిలిచే ఈ వాలుకొమ్మల చెట్టు నరమామిడి. దక్షిణ భారతం, శ్రీలంకలదే, కాబట్టి వాతావరణం గురించి చింత లేదు.

చిక్కంతా ఎత్తుతోనే. వెడల్పు నాలుగడుగులే అయినా ఎత్తు ముప్పై, నలభై అడుగులు అవలీలగా పోతుంది. కరెంటు తీగ కింద పెట్టి, ఎదిగాక నడుముకి నరికేసి, మొండెంలా వదిలేసిన నరమామిళ్లు ప్రతి వీధిలో రెండు కనిపిస్తాయి. తల కొడితే కోసిన చోట మూడు నాలుగు మొనలు పోటీపడి లేస్తాయి. అందులో ఒకటే ఉంచి మిగతావి తీసేయాలి. ఆ పని చేయగలిగితే పదిహేనడుగుల దగ్గర ఆపొచ్చు. కాయలకి గబ్బిలాలు వస్తాయి, తెల్లారేసరికి వాకిట్లో గింజలు. ఆకులు తినే పచ్చ గొంగళిపురుగు కనిపిస్తే మందు కొట్టకండి. అది ఆకుపచ్చ చుక్కల సీతాకోకచిలుక పిల్ల, చెట్టుకి వచ్చే నష్టం ఏమీ లేదు.

మా నేల పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?

మే నెలలో చూడొద్దు. కాలువలు కట్టేసి ఉంటాయి, నేల నెర్రెలిచ్చి ఉంటుంది. ఆ రోజుల్లో ఎక్కడ తవ్వినా పొడే. సార్వా నాట్లు పడి చుట్టూ చేలల్లో నీళ్లు నిలిచాక, ఆగస్టులోనో సెప్టెంబరులోనో చూడండి. మొక్క పెట్టాలనుకున్న చోట అడుగున్నర లోతు గొయ్యి తీసి వదిలేయండి. మీరు పోయకుండానే పక్కల నుంచి నీళ్లు ఊరాయంటే ఆ ఊటే మీ మొక్కకి హద్దు. అంతకన్నా కిందికి పోయిన వేరుకి ఊపిరి ఆడదు.

నీళ్లు ఊరకపోతే గొయ్యి నిండా పోయండి. ఇంకాక మళ్లీ నింపి గడియారం చూడండి. గంటకి అంగుళం, అంతకన్నా ఎక్కువ దిగితే నిశ్చింతగా నాటండి. రాత్రి పోసినవి తెల్లారి కూడా నిలబడి ఉంటే గొయ్యిలో నాటకండి, దిమ్మ మీద నాటండి.

దిమ్మ అంటే పెద్ద కట్టడం ఏమీ కాదు. కొబ్బరి తోటల్లో బోదె తీసి ఆ మట్టిని చెట్టు మొదట్లో వేయడం మనకి తెలిసిన పనే కదా, ఇదీ అంతే. గోడ వెంట మూడడుగుల వెడల్పున, అడుగు నుంచి అడుగున్నర ఎత్తున మట్టికట్ట పోసి దాని మీద నాటడం. లంక మట్టి, అంటే గోదావరి లంకల ఒండ్రు, దొరికితే అదృష్టం. దొరక్కపోతే అక్కడి మట్టికే బాగా చివికిన పశువుల ఎరువు కలపండి.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. నల్లమట్టిలో గొయ్యి తీసి అందులో ఇసుక, ఎర్రమట్టి, కంపోస్టు కలిపి నింపుతారు. ప్రేమతోనే చేస్తారు. కానీ చుట్టూ ఉన్న బంకమట్టి నీళ్లని పోనివ్వదు, లోపలున్న గుల్ల మట్టి మాత్రం తాగుతుంది. మీరు తవ్వింది గొయ్యి అనుకుంటారు, వానాకాలంలో అది బావి.

రొయ్యల చెరువు మట్టితో స్థలం మెరక చేయించాం. ఆకుల అంచులు మాడిపోతున్నాయి. నీళ్లు చాలడం లేదా?

నీళ్లు చాలకపోతే ఆకు మొత్తం వాలుతుంది. ముదురాకు కొసల నుంచి, అంచుల వెంట గోధుమరంగు గీత గీసినట్టు మాడితే ముందు ఉప్పునే అనుమానించాలి. చెరువు మట్టిలో ఉప్పు ఉంటుంది. చెరువుల పక్క ఊళ్లలో బోరు నీళ్లలోనూ ఉంటుంది, నాలుక మీద వేసుకుంటే తెలిసిపోతుంది. అలాంటి స్థలంలో తొందరపడి నాటకండి. నీళ్లు బయటికి పోయే దారి చేసి రెండు వానాకాలాలు తడవనివ్వండి. వాన కడిగినంత బాగా ఇంకేదీ కడగదు. అంత ఓపిక లేకపోతే సరుగుడు పెట్టండి.

ఇంటి పని మిగిల్చిన సిమెంటు పెళ్లలు, సున్నం మట్టిలో కలిసి ఉంటే లక్షణం వేరుగా ఉంటుంది: లేతాకు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా. అది ఇనుము అందకపోవడం. ఆ పెళ్లలు ఏరి పారేయడమే మొదటి మందు.

గోడకి ఎంత దూరం? మొక్కకీ మొక్కకీ ఎంత?

గోడకి కనీసం రెండున్నర అడుగులు. గోడ వైపు కత్తెరతో మనిషి దూరాలి కదా. యుజీనియా, మురయా తెరలా కలిసిపోవాలంటే మొక్కకీ మొక్కకీ రెండున్నర అడుగులు, విడివిడి స్తంభాలుగా కావాలంటే నాలుగు. నరమామిడికి నాలుగు నుంచి ఐదు. సెప్టిక్ ట్యాంకు, మంచినీళ్ల పైపు ఎటు పోతున్నాయో ముందు చూసుకోండి.

కోనోకార్పస్ పెట్టమంటున్నారు. చవక, తొందరగా పెరుగుతుంది. పెట్టమంటారా?

వద్దంటాను. నిజానికి ఇంతవరకు చెప్పిన సుగుణాలన్నీ దానికి ఉన్నాయి. ఏడాది పొడవునా పచ్చదనం, శంకువులా రూపం, ఉప్పుకీ ఎండకీ తట్టుకునే మొండితనం, రెండేళ్లకే పది అడుగులు. రోడ్ల మధ్య డివైడర్లలో, లేఅవుట్ల ముందు వరసగా కనిపించేది అదే. సోమాలియా, యెమెన్ తీరాల నుంచి గల్ఫ్ దేశాల మీదుగా తిరిగిన మొక్క కాబట్టి కొందరు దుబాయ్ మొక్క అంటారు.

కానీ ఆ తొందర వేరుకీ ఉంది, తడి ఎక్కడుంటే అక్కడికి పోతుంది. ఎడారిలో తడి కోసం లోతుకి పోయే వేరు, మన ఇంట్లో డ్రైనేజీ పైపు అతుకు దగ్గరికి పోతుంది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దీన్ని నాటడాన్ని నిషేధించింది. తెలంగాణలో హరితహారం రోజుల్లో విరివిగా పెట్టి, తర్వాత వద్దనుకున్నారు. దాని పుప్పొడి వల్ల ఆయాసం, ఎలర్జీ వస్తాయన్న మాట కూడా గట్టిగానే నడుస్తోంది. నాకు మాత్రం వేరు ఒక్కటి చాలు వద్దనడానికి. ఇప్పటికే ఉన్నవాళ్లు కంగారుపడి ఒకేరోజు నరికేయక్కర్లేదు. ముందు పక్కన యుజీనియా నాటండి, అది భుజాల ఎత్తుకి వచ్చాక దీన్ని తీయండి. మోడు మళ్లీ చిగురిస్తుంది, వేరుతో సహా తవ్వాల్సిందే.

కడియం వెళ్తున్నాం. కొనేటప్పుడు ఏం చూడాలి?

కడియపులంక, బుర్రిలంక, వేమగిరి వైపు ఒక పూట తిరిగితే కళ్లు చెదిరి, డిక్కీలో పట్టనన్ని కొనేస్తారు. అది అందరికీ జరిగేదే. మీకు కావల్సిన జాతి చీటీ మీద రాసుకుని వెళ్లండి.

ఎత్తు చూసి కొనొద్దు. ఎనిమిది అడుగుల మొక్క చిన్న కవరులో ఉంటే వేళ్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. కాండాన్ని మొదట్లో పట్టుకుని మెల్లగా ఊపండి. మట్టితో కలిసి కదలాలి. మట్టి అలాగే ఉండి కర్ర మాత్రం ఊగితే ఈమధ్యే కవరు మార్చారన్నమాట. మూడు, నాలుగు అడుగుల మొక్క కొనండి, రెండేళ్లలో పెద్దదాన్ని దాటేస్తుంది. ఇంకో ప్రశ్న: ‘ఇది ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంది?’ నిన్న లారీలో చల్లటి ఊరి నుంచి దిగిందైతే పోనివ్వండి. ఒక వానాకాలం అక్కడే గడిపిన మొక్క అయితే సగం పరీక్ష పాసైనట్టే.

కవర్లలో ఎక్కువగా ఎర్రమట్టి ఉంటుంది. ఆ ముద్దని అలాగే నల్లమట్టిలో పెడితే చుట్టూ తడిగా ఉన్నా ముద్ద లోపల ఎండిపోయే రోజులుంటాయి. నాటేముందు ముద్ద అంచుల్ని వేళ్లతో కాస్త గుల్ల చేసి, చుట్టుకున్న వేళ్లని విప్పండి, మరీ బిరుసుగా ఉన్నవాటిని కత్తిరించండి. మొదటి వేసవిలో నీళ్లు మొక్క మొదట్లోనే, ఆ ఎర్రముద్ద మీదే పోయాలి.

నాటడానికి ఏ నెల మంచిది?

అందరూ తొలకరి అంటారు. మెరక నేలకి నిజమే. పల్లపు నేలకి మాత్రం నేను కార్తీకం చివర చెబుతాను. తుపాన్ల హడావుడి తగ్గుతుంది, నేలలో తడి ఉంటుంది, ఎండ ముదిరేలోపు వేరు పట్టడానికి మూడు నెలలు దొరుకుతాయి. రోహిణి కార్తెలో మాత్రం ఎవరు చెప్పినా నాటకండి, కత్తిరించకండి కూడా. అప్పటిదాకా నీడలో ఉన్న లోపలి ఆకు ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది.

తుపాను వస్తే ఈ నిటారు మొక్కలు పడిపోవా?

1996 నవంబరు తుపాను చూసినవాళ్లకి ఈ భయం ఎందుకో చెప్పక్కర్లేదు. కోనసీమలో కొబ్బరి చెట్లే వరసలు వరసలుగా పడిపోయాయి. పొద ఎత్తు ఉన్నవాటికి అంత ప్రమాదం లేదు. దట్టంగా, ఎత్తుగా ఉన్నది గాలికి తెరచాపలా అడ్డం నిలబడుతుంది కాబట్టి తుపాన్ల రోజులు వచ్చేలోపు, సెప్టెంబరు ఆఖరుకి, పైన ఒకటి రెండు అడుగులు తగ్గించి లోపలి కొమ్మలు కొన్ని తీసి గాలికి దారి ఇవ్వండి.

కొత్త మొక్కకి అటూ ఇటూ రెండు వెదురు గెడలు పాతి, పాత సైకిలు ట్యూబు ముక్కతో ఎనిమిది అంకెలా వదులుగా కట్టండి. ప్లాస్టిక్ తాడు వద్దు, బెరడులోకి కోసుకుపోతుంది. ఏడాది తర్వాత గెడలు తీసేయండి. గాలికి కాస్త ఊగితేనే కాండం గట్టిపడుతుంది. ఒరిగిన మొక్కని తుపాను మర్నాడే, నేల మెత్తగా ఉండగానే లేపి కట్టండి. వారం ఆగితే వేళ్లు తెగుతాయి.

కత్తిరింపులో మెలకువ ఏమిటి?

కింద వెడల్పు, పైన సన్నం. అరచేతి వెడల్పు తేడా చాలు. పైన లావైతే కింది ఆకుకి ఎండ తగలదు, రెండేళ్లలో కింద అస్థిపంజరం కనిపిస్తుంది. యుజీనియా, మురయా ముదురు కొమ్మ నుంచి కూడా చిగురిస్తాయి, తప్పు చేసినా క్షమిస్తాయి. థుజా, సైప్రస్ క్షమించవు. ఆకు లేని పాత కొమ్మ దాకా కోస్తే ఆ బొక్క అలాగే ఉండిపోతుంది.

ఆకుల మీద మసి పూసినట్టు నల్లగా ఉంది. ఏం రోగం?

తల పైకెత్తి చూడండి. పైన కొబ్బరి చెట్టు ఉందా? కొబ్బరాకు అడుగున తెల్లటి సుడులు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016 నుంచి కొబ్బరిని పీడిస్తోంది. అది కార్చే తియ్యటి జిగురు కింది మొక్కల మీద పడుతుంది, దాని మీద నల్ల బూజు పెరుగుతుంది. రోగం మీ మొక్కది కాదు, పైవాళ్లది. వారానికోసారి పైపుతో గట్టిగా నీళ్లు కొట్టి కడగండి. పురుగు కింది మొక్కకీ దిగితే లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఘాటు మందులు వాడితే ఆ దోమని చంపే ఎన్కార్సియా అనే చిన్న కందిరీగ కూడా పోతుంది. మరీ ఎక్కువగా ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి, కొబ్బరి పురుగుల మీద పనిచేసేవాళ్లు అక్కడున్నారు.

అసలు కొబ్బరి కింద ఈ స్తంభాలు పెట్టకపోవడమే మేలు. ఎండు మట్ట ఒక్కటి పడితే మూడేళ్ల రూపం నిలువునా చీలిపోతుంది.

పొదలు పెంచితే పాములొస్తాయంటారు మా అత్తగారు.

ఆవిడ మాట కొట్టిపారేయకండి. పాము పొద కోసం రాదు, ఎలకల కోసం, కప్పల కోసం వస్తుంది. దాక్కోడానికి చోటుంటే ఉండిపోతుంది. కింద తొమ్మిది అంగుళాల మేర కొమ్మలు తీసేసి కాండం కనిపించేలా ఉంచండి, మొదట్లో ఆకుచెత్త, కొబ్బరి డొక్కలు పోగుపెట్టకండి. చీపురు దూరేంత ఖాళీ ఉంటే అత్తగారికీ ధైర్యం, మీకూ ధైర్యం.

వాస్తు ప్రకారం ఎటువైపు పెట్టాలి?

ఈశాన్యంలో ఎత్తైనవి వద్దు, నైరుతిలో ఉండొచ్చు అంటారు. దీని మీద వాదించను. మధ్యాహ్నం దాటాక గోడ కాలిపోయేది పడమర వైపే కాబట్టి ఆ దిక్కున పచ్చతెర ఉంటే ఫ్యాను గాలైనా చల్లగా వస్తుంది.

డాబా మీద కుండీల్లో పెంచొచ్చా?

ఇందాక పల్లపు నేలకి సరిపడవన్న థుజా, జూనిపర్‌లకి ఇదే సరైన చోటు. కుండీలో నీళ్లు నిలవవు కదా. పద్దెనిమిది అంగుళాల కుండీ, అడుగున కన్నాలు, మట్టిలో మూడోవంతు ఇసుక. కుండీ కింద మూడు ఇటుక ముక్కలు పెడితే కన్నాలు మూసుకుపోవు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం నీడ పడే చోటికి జరపండి. గాలివాన హెచ్చరిక వినగానే పిట్టగోడ పక్కన పడుకోబెట్టేయండి. నా ఆరు గోల్డ్ సైప్రస్‌లలో చివరికి మిగిలిన ఒకే ఒక్కటి ఇప్పుడు అలాగే డాబా మీద కుండీలో ఉంది. నిటారుగా లేదు, కాస్త కుడివైపుకి వాలింది.